పన్‌చక్కి మెట్ల మీద పసుపు గౌను

మా ఆఫీసులో చేరిన రెండేళ్లలో, మీటింగులో నా అంతట నేను నోరు తెరిచింది ఒక్కసారే. ఆ ఒక్కసారీ చెప్పింది అబద్ధమని నాకప్పుడు తెలియదు.

ఆఫీసు సింగపూర్‌లోని పాయా లేబర్‌లో. మ్యూజియంలకీ స్కూళ్లకీ బల్ల మీద పట్టేంత నమూనాలు తయారుచేసి ఇచ్చే చిన్న కంపెనీ. పాత ఓడరేవు, రబ్బరు తోట, సముద్రంలో కర్రల మీద నిలబెట్టిన ఇళ్లు, ఏదడిగితే అది చేస్తారు. వాటి పక్కన పెట్టే వివరాలు రాయడం నా పని. నాకు సరిపోయిన పని. పుస్తకాలు చదవాలి, నాలుగు వాక్యాలు రాయాలి, ఎవరితోనూ పెద్దగా మాట్లాడక్కర్లేదు. ఇక్కడి తిండి అంగళ్లుండే హాకర్ సెంటర్‌లో టిష్యూ ప్యాకెట్ పెట్టి కుర్చీ ఆపుకోవడానికి కూడా మొహమాటపడే మనిషిని. ఎవరో ఒకరు తిని లేచేదాకా ప్లేటు పట్టుకుని నిలబడేదాన్ని.

ఆ ఏడాది ఒక ప్రదర్శన పని వచ్చింది. పాతకాలం వాళ్లు నీళ్లని ఎలా నడిపించారన్నది దాని విషయం. తొమ్మిది నమూనాల్లో ఒకటి దక్కన్‌లోని ఒక సూఫీ దర్గా, దాని పన్‌చక్కి. పన్‌చక్కి అంటే నీటి బలంతో తిరిగే తిరగలి. ఎక్కడో కొండల్లోని ఊట నుంచి మట్టి గొట్టాల్లో, నేల కింద నడిచొచ్చిన నీళ్లు దర్గా పక్కనున్న ఎత్తైన గోడ లోపలికి ఎక్కి, అక్కడి నుంచి హౌజు అనే పెద్ద నీటి తొట్టిలోకి దూకుతాయి. వాటిలో కొన్ని తిరగలిని తిప్పుతాయి. దర్గాకి వచ్చిన ఫకీర్లకీ బాటసారులకీ రొట్టెల పిండి అందులోనే ఆడేవారట.

కాగితాల్లో ఆ ఊరి పేరు చూడగానే నా ఒళ్లు ఝల్లుమంది. మా నిజామాబాద్ నుంచి బస్సులో వెళ్లొచ్చే ఊరది. వీధిలో మరాఠీ, ఉర్దూ, తెలుగు మూడూ కలిసి వినిపిస్తాయి. నాకు తొమ్మిదేళ్లప్పుడు, అక్కకి టైఫాయిడ్ తగ్గిందని మొక్కు తీర్చుకోవడానికి ఇంటిల్లిపాదీ ఆ దర్గాకి వెళ్లాం.

మీటింగులో తేలని సంగతి ఒక్కటే. గోడ ఫొటోలున్నాయి, హౌజు ఫొటోలున్నాయి, సమాధి మీది గుమ్మటం, గేటు, గేటు దగ్గర విడిచిన చెప్పులు, అన్నీ ఉన్నాయి. చక్రం ఫొటో మాత్రం ఎక్కడా లేదు. తిరగలి గదిలో ఫొటోలు తీయనివ్వరట. "చక్రం ఎలా ఉంటుందో ఎవరికైనా తెలుసా?" అని మేనేజరు అందరి మొహాలూ చూసింది.

"నేను చూశాను," అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు. చెవులు వేడెక్కాయి. అయినా ఆగలేదు.

"చిన్నప్పుడు. రాసిపెట్టుకున్నది కూడా ఉంది."

నిజంగానే ఉంది. నా డైరీలన్నీ నాతోపాటే సింగపూర్ వచ్చాయి. సెంగ్‌కాంగ్‌లో అక్కావాళ్ల ఫ్లాట్‌లో, నా మంచం కింద అట్టపెట్టెలో ఉంటాయి. మొట్టమొదటి డైరీ మొదటి వారంలోనే దర్గా ఉంది. ఆ పేజీ ఫొటో తీసి తీసుకెళ్లి, మర్నాడు అందరికీ ఇంగ్లీషులో చెప్పాను.

"ఈ రోజు దర్గాకు పోయినం. అక్కడ పేద్ద చెక్క చక్రం ఉంది. నాన్న కన్నా ఎత్తు. పైనుంచి నీళ్లు పడుతుంటే గిరగిర తిరుగుతది. నేను దగ్గరికి పోయిన. నీళ్లు చిమ్మినయ్. నా పసుపు గౌను మొత్తం తడిసిపోయింది."

కింద స్కెచ్ పెన్నుతో బొమ్మ. చక్రం, దాని పక్కన పుల్లల్లాంటి కాళ్లూ చేతులూ ఉన్న పిల్ల.

నోటితో చెప్పేటప్పుడు తడబడతాను గానీ, డైరీలో ఏనాడూ అబద్ధం రాయలేదని నాకు నమ్మకం. నా గురించి నాకున్న గర్వం అదొక్కటే.

నమూనాలు చేసేది ఒక చైనీస్ పెద్దాయన. ఆఫీసులో అందరికీ ఆయన అంకుల్. ఆయనకి మాత్రం నా వయసు ఆడవాళ్లందరూ 'గర్ల్'. చేతులు ఇంకా గట్టిగానే ఉన్నా కళ్లు మాట వినడం లేదని, ఈ ప్రదర్శనతో పని మానేస్తున్నారు. మిగతా ఎనిమిదీ వేరేవాళ్లకి వదిలేసి పన్‌చక్కి ఒక్కటి తన చేతిలోకి తీసుకున్నారు. దాని పక్కన చిన్న ఇత్తడి రేకు మీద ఆయన పేరు చెక్కిస్తామని మేనేజరు మాటిచ్చింది. ఇన్నేళ్లలో ఆయన చేసినవి ఎన్నెన్ని గాజు పెట్టెల్లో ఉన్నాయో లెక్కలేదు. ఒక్కదాని మీదా ఆయన పేరు లేదు. ఆ రేకు ఎంత ఉండాలో అట్టముక్క కత్తిరించి, గోడకి అంటించుకున్నారు. పనిచేస్తూ మధ్యమధ్యలో దాన్ని చూసుకునేవారు.

"గర్ల్, చక్రానికి ఎన్ని ఆకులు?"

నా బొమ్మలో లెక్కపెట్టాను. "పది, అంకుల్."

"పది. కెన్." కెన్ అంటే సరేనని.

తర్వాత ఇంకా అడిగారు. చెక్క నల్లగా ఉందా, పాచి పట్టి ఉందా? నీళ్లు చక్రానికి నడినెత్తిన పడేవా, కొంచెం ముందుకా? చప్పుడు ఎలా ఉండేది? డైరీలో లేనివి కూడా చెప్పాను. వింతేమిటంటే ఆయన అడిగినకొద్దీ నాకు గుర్తొచ్చేవి. పాచి గుర్తొచ్చింది. చెక్క కిర్రుమనడం గుర్తొచ్చింది. పొట్ట మీద నీళ్లు పడి చల్లగా జివ్వుమనడం అన్నిటికంటే బాగా గుర్తొచ్చింది.

ఒకరోజు నన్ను వర్క్‌షాపులోకి పిలిచి, చిన్న పట్టకారుతో ఏదో పట్టుకుని చూపించారు. బొటనవేలి గోరంత పిల్ల. పసుపు గౌను.

"నువ్వే," అన్నారు.

గౌను కింది సగం ముదురు పసుపులో ఉంది. భూతద్దం కళ్లకి తగిలించుకుని, రెండే వెంట్రుకలున్న బ్రష్షుతో వేశారట.

"తడి గౌను లా," అన్నారు, ఇక్కడివాళ్లు మాట చివర తగిలించే 'లా'తో. "నీ డైరీలో ఉంది కదా."

ఆ పిల్లని చక్రం పక్కన నిలబెట్టి మోటారు వేశారు. నీళ్లు పడ్డాయి, చక్రం తిరిగింది. ఆ సాయంత్రం డైరీలో నాలుగు పేజీలు రాసుకున్నాను.

సరుకు అప్పజెప్పడానికి తొమ్మిది రోజులుందనగా, నమూనా కింద నీళ్లు నిలిచే స్టీలు తొట్టి ఒక మూల కారడం మొదలుపెట్టింది. అది చేసిచ్చింది తువాస్‌లో, ఒక షిప్‌యార్డులోని వర్క్‌షాపు. పొద్దున్నే అక్కడి నుంచి ఒకతను పనిముట్ల సంచితో లారీ దిగాడు. నలభై ఏళ్లుంటాయి. తొట్టి కింద దూరి, మూల అతికి, ఆరడం కోసం పక్కన నిలబడ్డాడు. అంకుల్ వెనక గదిలో రంపం దగ్గరున్నారు. నేను బల్ల చివర కూర్చుని వివరాలు ముందు తెలుగులో చిత్తు రాసుకుంటున్నాను. అది నా అలవాటు.

"మీరు తెలుగోళ్లా మేడం? గా కాగితం మీద మన అక్షరాలు కనవడ్డయ్."

"అవునండీ. నిజామాబాద్."

"అగో! అయితే మన పక్కకే. నన్ను అండీ గిండీ అనకు చెల్లె, సిగ్గయితది." అలా నవ్వుతూనే నమూనా వైపు తిరిగాడు. అప్పటిదాకా దాని కింద పడుకుని పనిచేశాడే గానీ పైన ఏముందో చూడలేదు. గుమ్మటం చూశాడు. గోడ చూశాడు. ఒక చెయ్యి నెత్తి మీదికి పోయింది.

"ఇది మా దర్గా!"

ఊరి పేరు చెప్పాడు. దర్గా వెనక గల్లీలో పుట్టి పెరిగాడట. వాళ్ల నాన్న గేటు దగ్గర పూలూ ఊదుబత్తీలూ అమ్మేవాడట, ఇప్పటికీ అమ్ముతున్నాడట. నమూనాకి తగలకుండా వేలు గాల్లో తిప్పుతూ నాకు ఊరంతా చూపించాడు.

"గిదిగో, గీ గేటుకు ఎడమ దిక్కు మా నాయిన కూసుంటడు. ఇంత మంచిగ చేసిన్రు, మా నాయిన గంప ఒక్కటి మర్శిన్రు. ఫొటో తీసి పంపుత, ఆయన చూస్తె ఇగ ఊరంత తిప్పుతడు."

ఫోన్ తీసి ఫొటో కూడా తీశాడు. తీశాక వేలు చక్రం దగ్గర ఆగింది. ఫక్కున నవ్వాడు.

"ఇదేంది చెల్లె? దీన్ని ఏడికెల్లి తెచ్చిన్రు?"

"అదే అన్నా. పన్‌చక్కి చక్రం."

"మా చక్కిల చక్రం నిలవడదు. పండుకుంటది." అరచెయ్యి నేలకి సమంగా పెట్టి, చుట్టూ తిప్పి చూపించాడు. "గిట్ల. తిరగలి కింద, నేల లోపట. మెట్లు దిగాలె, దిగినంక మోకాళ్ల మీద వంగాలె. ఒక బొక్కల నుంచి చూస్తె చీకట్ల తిరుగుతా కనవడ్తది. గింత ఎత్తు చక్రం బయట నిలవెడితె, ఫకీర్లు రొట్టె తిన్నట్టే పో!"

"నేను చూశాను," అన్నాను. మీటింగులో అన్న మాటే. "చిన్నప్పుడు వచ్చాం. నీళ్లు చిమ్మి నా గౌను తడిసింది."

"ఆ గదిల నీళ్లు మీద వడయి చెల్లె. పిండి ఆడే జాగల నీళ్లు వడితె ఎట్ల? పొడిగుంటది."

ఇంత చిన్న సంగతి నాకు ఎన్నడూ తట్టలేదు. అంకుల్‌కి తట్టలేదు, మేనేజరుకి తట్టలేదు. పిండి ఆడే చోటు పొడిగా ఉండాలి.

"మరి నీకు పిండి ఎవరు పెట్టిన్రు?" అని అడిగాడు.

"ఏ పిండి?"

"దిగినోళ్లు పిడికెడు జొన్నలు పోస్తరు గద. పిండి రాంగనే ఆడ కూసున్న ముసలాయన నొసట పెడ్తడు. చిన్నపిల్లలకైతె ముక్కు మీద గూడ పెడ్తడు. ఎవ్వరిని ఊకె పంపడు."

నా చెయ్యి నుదుటి మీదికి పోయింది. అక్కడ ఏమీ గుర్తులేదు. పాచి గుర్తుంది, కిర్రు చప్పుడు గుర్తుంది. పిండి లేదు, జొన్నలు లేవు, ముసలాయన లేడు.

అప్పుడే అంకుల్ తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చారు. అతను చక్రాన్ని వేలితో చూపించడం చూశారు.

"ఏమంటున్నాడు?"

ఇద్దరి మధ్యా నేనున్నాను. ఒకరి మాట రెండోవాళ్లకి రాదు. గోడ మీది అట్టముక్క కనిపిస్తోంది.

"చాలా బాగుందంటున్నాడు అంకుల్. ఇది వాళ్ల ఊరిదే. అచ్చం అలాగే ఉందట. సేమ్ సేమ్."

'అచ్చం అలాగే' అనమని నన్నెవరూ అడగలేదు. అది నా నోట్లోంచి దానంతటదే వచ్చింది. అంకుల్ మొహం ఎప్పుడూ చూడనంతగా విప్పారింది. గబగబా వచ్చి అతని చేతిని రెండు చేతుల్లోకి తీసుకుని ఊపారు. "థాంక్యూ బ్రదర్. థాంక్యూ." అతను ఆయన్ని చూశాడు, నన్ను చూశాడు, తలూపాడు.

పనిముట్లు సంచిలో సర్దుకుంటూ, తల ఎత్తకుండానే మెల్లగా అన్నాడు.

"సేమ్ సేమ్ అంటివి గద. గంత ఇంగ్లీషు నాకు వస్తది చెల్లె. ముసలాయనకు అట్ల ఎందుకు చెప్పినవ్?"

నేను కాగితాలు దొంతి పెట్టడం మొదలుపెట్టాను. అతను నా చిత్తు కాగితం అంచున తన నంబరు రాశాడు. "ఆయితారం ఖాళీగుంట. పనివడితె ఫోన్ చెయ్యి." లారీ వెళ్లిపోయింది.

సాయంత్రం సెంగ్‌కాంగ్‌లో ఎల్‌ఆర్‌టీ ఎక్కి, మా స్టేషన్ వస్తే దిగలేదు. అది గుండ్రంగా తిరిగే రైలు, కూర్చుంటే మళ్లీ అక్కడికే తెస్తుంది. రెండు చుట్లు తిరిగాను. అతనే పొరపాటు పడ్డాడేమో అనుకున్నాను. రెండు చక్రాలున్నాయేమో, ఒకటి తర్వాత తీసేశారేమో. రాసింది ఉంది కదా, నా చేతిరాతే కదా. మూడోసారి మా స్టేషన్ వచ్చినప్పుడు దిగాను.

అక్క వంటింట్లో చపాతీలు ఒత్తుతోంది. అక్క ఆరేళ్ల కూతురు డైనింగ్ టేబుల్ మీద హోంవర్క్ చేస్తోంది. బ్యాగు కూడా దింపకుండా అడిగాను.

"అక్కా, దర్గాలో చక్కి చక్రం ఎట్లుండె?"

"ఏ దర్గా? నా టైఫాయిడ్ దర్గానా?" అక్క కర్ర ఆపలేదు. "చీకట్ల ఏం కనబడుతది? వంగి చూస్తే కింద గుండ్రంగ ఏదో తిరుగుతుండె. అయినా నువ్వు చూడలే కదా."

"నేను చూశా. నీళ్లు చిమ్మితే గౌను…"

"నువ్వు లోపలికే రాలేదే!"

చపాతీ కర్ర ఆగింది. అక్క నావైపు తిరిగింది.

"తొమ్మిదేండ్ల దానివి, మెట్ల కాడనే బిగుసుకపోయినవ్. కిందికెల్లి ఆ సౌండు, ఆ చీకటి. అమ్మ చెయ్యి గుంజింది, నువ్వు రాలే. సరే ఉండమని మేం దిగినం. జొన్నలు పోసి, పిండి పెట్టించుకుని పైకొచ్చేసరికి…" ఆగింది. "నీకు నిజంగ గుర్తులేదా?"

"చెప్పు."

"చెప్పాల్నా?"

"చెప్పక్కా."

"గౌనులో పోసుకున్నవ్."

టేబుల్ దగ్గర పెన్సిల్ కింద పడింది. "పిన్ని సూసూ చేసిందా? నైన్ ఇయర్స్ ఓల్డ్ అప్పుడా? సో బిగ్ లా!"

"నువ్వు హోంవర్క్ చెయ్!" అంది అక్క, కానీ నవ్వు ఆపుకోలేకపోతోంది. నేను కుర్చీలో కూర్చుండిపోయాను. అక్క నవ్వు తగ్గించి, పిండి చేతులతోనే వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"పెద్దమ్మావాళ్లు, వాళ్ల పిల్లలు అందరూ ఇంకా కిందనే ఉన్నరు. వాళ్లు పైకొస్తే నిన్ను ఇంక జన్మల వదులుతరా? నాన్న నిన్ను ఎత్తుకుని సీదా హౌజు కాడికి ఉరికిండు. ఎవరిదో చెంబు తీస్కుని మెడ కాడికెల్లి కింది దాక గౌను మొత్తం తడిపిండు. వాళ్లు రాగానే 'చక్రం కాడ నీళ్లు చిమ్మినయ్, పిల్ల తడిసి ముద్దయింది' అన్నడు. నాకూ అమ్మకూ కళ్లతోనే సైగ చేసిండు. బస్సుల ఎవరడిగినా అదే చెప్పిండు. కొంచెం సేపైనంక నువ్వు కూడ చెప్పుడు షురూ చేసినవ్."

"మరి ఆ చెక్క చక్రం? నాన్న కన్నా ఎత్తు?"

"నీ బొమ్మల పుస్తకం లేదా, స్కూలు లైబ్రరీది? దానికి అట్ట పోయి ఉండె. బస్సుల పోయేటప్పుడు, వచ్చేటప్పుడు అదే ముందలేసుకున్నవ్. దాన్ల ఏదో వాగు పక్కన ఇల్లు, ఇంటికో పెద్ద చక్రం. నాకూ చూపించినవ్."

గదిలోకి వెళ్లి మంచం కింద పెట్టె లాగాను. పేజీ తీశాను. గుండ్రటి అక్షరాలు, వంకర లేదు. ఒక్క కొట్టివేత లేదు. అబద్ధం రాస్తున్న పిల్ల ఎక్కడో ఒకచోట ఆగుతుందని, పెన్ను తడబడుతుందని అనుకుంటాం. ఎక్కడా తడబడలేదు. రాసేటప్పటికే నమ్మేసి ఉంటాను. లేదా రాశాక నమ్మి ఉంటాను. ఏది ముందో నాకిప్పుడు తెలియదు, తెలిసే దారీ లేదు. ఆ పెట్టెలో ఇంకా పదిహేడు పుస్తకాలున్నాయి. వాటివైపు చూడాలంటే భయమేసింది.

పొట్ట మీద చల్లదనం మాత్రం నిజం. అది నాన్న పోసిన చెంబుడు నీళ్లది.

డైరీ తెరిచి ఒక వాక్యం రాశాను. అతను చెప్పింది ఒకటి, నేను చెప్పింది ఒకటి. ఇంకేమీ రాయలేకపోయాను. తొమ్మిదేళ్ల పిల్ల రాసింది సరే. పొద్దున సేమ్ సేమ్ అన్నది ఎవరు? ఇంకో తొమ్మిది రోజుల్లో ఆ చక్రం పక్కన ఇత్తడి రేకు మీద అంకుల్ పేరుంటుంది. ఆ ఫొటో ఈపాటికి దర్గా గేటు దగ్గర, పూల గంప పక్కన చేతులు మారుతూ ఉంటుంది. మా చక్కి చూడండర్రా అని గల్లీ అంతా నవ్వుతూ ఉంటుంది. నేను నోరు మూసుకుంటే సింగపూర్‌లో ఎవరికీ తెలియదు. ఆ నవ్వు మాత్రం ఆయన పేరు మీద ఎప్పటికీ ఉంటుంది.

పొద్దున వర్క్‌షాపుకి అందరికంటే ముందు వెళ్లాను. చెప్పాల్సింది కాగితం మీద రాసుకెళ్లాను, లేకపోతే నోరు పెగలదని. చక్రం తప్పు, ఆ గదిలోకి నేను దిగనేలేదు, మెట్ల దగ్గర ఆగిపోయాను, మిగతాది ఒక పుస్తకంలోది. గౌను సంగతి కాగితంలో రాయలేదు. తల వంచుకుని చదివేశాను.

అంకుల్ బ్రష్షు నీళ్లలో ముంచి, అంచుకి రాసి, గుడ్డ మీద పడుకోబెట్టారు.

"నిన్న ఆ మనిషి ఏమన్నాడు? నిజంగా?"

"చక్రం తప్పన్నాడు. నవ్వాడు."

"నవ్వాడు." మోటారు స్విచ్ ఆపారు. నీళ్లు ఆగిపోయాయి. చక్రం ఇంకో అర చుట్టు తిరిగి నిలబడింది. "నేను అతని చెయ్యి పట్టుకుని థాంక్యూ చెప్పాను."

"సారీ అంకుల్."

"చక్రం చిన్నపిల్ల తప్పు. దానికి నాకు కోపం లేదు. నిన్నటిది చిన్నపిల్లది కాదు, గర్ల్."

అంత మెల్లగా ఎవరూ నన్ను తిట్టలేదు. ఆయన టోపీ పెట్టుకుని మకాన్‌కి, అంటే తిండికి, వెళ్లిపోయారు. రోజూ వెళ్లేటప్పుడు "నీకేమైనా కావాలా?" అని అడిగేవారు. ఆ రోజు అడగలేదు. గంట తర్వాత ఒక్క కాఫీతో వచ్చారు. అది తాగుతూ గోడ దగ్గరికి వెళ్లి, రేకు కొలత అట్టముక్క ఊడదీసి జేబులో వేసుకున్నారు.

"ఆ మనిషికి ఫోన్ చెయ్యి," అన్నారు. "సండే రమ్మను. ఈసారి అతను ఏమంటే అది చెప్పు. నవ్వితే నవ్వాడని చెప్పు."

మేనేజరుకి కూడా నేనే చెప్పాను. చక్రం కనపడకపోతే జనం ఏం చూస్తారని ఆవిడ నెత్తి పట్టుకుంది. "వంగి చూస్తారు," అన్నారు అంకుల్ వెనక నుంచి. అక్కడితో ఆ మాట అయిపోయింది.

ఆదివారం అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని, తువాస్ నుంచి ఈ చివరికి రైల్లో వచ్చాడు. సుద్దముక్క అడిగి, వర్క్‌షాపు నేల మీద గొంతుకూర్చుని గీశాడు. పైన రెండు రాళ్లు, కింది రాయి కదలదు, పై రాయి తిరుగుతుంది. మధ్యలో ఇనుప ఇరుసు నేలలోకి దిగుతుంది. దాని అడుగున చక్రం, పండుకుని. ఆకులు గరిటెల్లా కొంచెం వంగి ఉంటాయి. గోడలోంచి వచ్చే నీళ్లు ఒక సన్నటి తూములోంచి వాటి మీద కొడతాయి. ప్రతి మాటా చెప్పాను. అంకుల్ అడిగిన ప్రతి ప్రశ్నా చెప్పాను. ఇద్దరూ నావైపు చూడడం మానేసి, నేల వైపే చూస్తూ నా గొంతు వింటున్నారు.

"ముసలాయనకు చెప్పు చెల్లె," అన్నాడతను పక్కన పెట్టిన పాత చక్రాన్ని చూస్తూ. "దీన్ని పారెయ్యొద్దని. మా షిప్‌యార్డుల ఓడకు పెడ్తం."

ఒక్క క్షణం ఆగాను. చెప్పాను. అంకుల్ నన్ను చూశారు, అతన్ని చూశారు. పెద్దగా నవ్వారు. "మునిగితే నన్ననకూడదని చెప్పు."

కొత్త చక్రం నాలుగు రోజుల్లో తయారైంది. నమూనా అడుగున, పెద్దవాళ్లు మోకాళ్ల మీద వంగితే గానీ కనిపించనంత కింద, అగ్గిపెట్టంత బొక్క కోశారు. లోపల చీకటి. కాసేపు చూస్తే గుండ్రంగా ఏదో తిరుగుతూ కనిపిస్తుంది. తిరగలి గదిలోకి దిగే మెట్లకి నల్లరంగు వేశారు. గేటుకి ఎడమ పక్క గోరంత గంప పెట్టి, అందులో ఎర్రచుక్కలు పెట్టారు. దాని ఫొటో తువాస్ పంపించాను. "మా నాయిన రెండుసార్ల ఫోన్ చేసిండు," అని జవాబొచ్చింది.

అప్పజెప్పే ముందురోజు అన్నీ సర్దాక, బల్ల మీద ఆ పసుపు గౌను పిల్ల ఒక్కతే మిగిలింది. అట్టముక్క మళ్లీ గోడ మీదికి వచ్చి ఉంది. ఎప్పుడు అంటించారో నేను చూడలేదు.

అంకుల్ పట్టకారుతో పిల్లని పైకెత్తారు. "గర్ల్, అప్పుడు నువ్వెక్కడున్నావు? నిజంగా."

మెట్ల పైన, మొదటి మెట్టు అంచున వేలు పెట్టాను. చుక్క జిగురు వేసి ఆయన పిల్లని అక్కడ నిలబెట్టారు. మొహం చీకటి వైపు. ఆరేదాకా ఊపిరి బిగబట్టి పట్టుకున్నారు. తర్వాత భూతద్దం దించుకుని చూసి, నాలిక చప్పరించారు.

"ఇక్కడ నీళ్లు లేవు కదా. గౌను తడి తీసేస్తాను." లేత పసుపు డబ్బా మూత తిప్పి, సన్నటి బ్రష్షు అందుకున్నారు.

"వద్దంకుల్," అన్నాను. "అలాగే ఉంచండి."

ఆయన భూతద్దం పైనుంచి నన్ను చూశారు. నేను తల దించుకోలేదు. ఆయన ఆ పిల్లని చూశారు, దాని ముందున్న నల్లటి మెట్లు చూశారు. బ్రష్షు పక్కన పెట్టి, రంగు డబ్బా మూత మళ్లీ బిగించారు.